ఆవగింజంత మందు

అత్తగారి చిటికెన వేలు పిల్లాడి నోట్లో ఉండగా రమణి గదిలోకి అడుగు పెట్టింది. అక్కడ కదా మనం ఆగాం.

అంతకు గంట ముందు డాక్టరు ఆమె కొడుకు వాసు కనురెప్పలు విప్పి, టార్చిలైటు వేసి చూసి, "ఈ బాబుకి నల్లమందు ఎవరు పెడుతున్నారమ్మా?" అని అడిగాడు. ఎనిమిదో నెల నడుస్తున్నా పిల్లాడు బోర్లా ఎందుకు పడడో, కూర్చోబెడితే గుడ్డమూటలా ఎందుకు ఒరిగిపోతాడో, పగలనక రాత్రనక ఎందుకు నిద్రపోతాడో ఆ ఒక్క ప్రశ్నతో రమణికి తెలిసిపోయింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. "ఆగండమ్మా, పూర్తిగా వినండి" అంటూనే ఉన్నాడు. ఆమె వినలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని జట్కా ఎక్కి ఇంటికి వచ్చేసింది. వాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టి, పెరట్లో కాళ్ళు కడుక్కుని వచ్చేలోపల అత్తగారి పని అత్తగారు కానిచ్చేస్తోంది.

మంగతాయారు ఆ వేళ మడి కట్టుకుని ఉంది. ఆవిడ మడి సంగతి తాడేపల్లిగూడెంలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. సబ్బుతో ఉతికిన గుడ్డ తగిలితే మళ్ళీ స్నానం. రమణి సబ్బుతో చేతులు కడుక్కుని వస్తే, "అందులో ఏ గొడ్డు కొవ్వు కలుపుతారో ఏమో, ఆ చేత్తో నా గిన్నెలు ముట్టుకోకమ్మాయ్" అంటుంది. అంత మడి మనిషి, మొగుడి ఇత్తడి డబ్బాలోంచి నల్లటి జిగురు గోటితో గీకి, నాలిక మీద తడి చేసి ఉండ కట్టి, ఆ వేలిని తిన్నగా మనవడి నోట్లోకి పోనిచ్చింది. వాసు ఆ వేలి కోసం నోరు చాపాడు. తల్లి పాల కోసం వాడు ఎన్నడూ అలా చాపి ఎరగడు. వేలు పైకి తీసినప్పుడు ఉమ్మి తీగలా సాగింది. ఆవిడ దాన్ని మడిచీర కొంగుకి తుడుచుకుని, అదే చేత్తో పక్కనున్న నేతిగిన్నె మూత సవరించింది.

రమణి ఒక్క అంగలో వెళ్ళి డబ్బా లాక్కుంది.

"మడి! మడి! ముట్టుకోకే!" అని అరిచింది మంగతాయారు. పసివాడికి మత్తు పెడుతూ పట్టుబడ్డ మనిషికి ఆ క్షణాన తోచిన మాట అదీ.

రమణి వీధిలోకి వెళ్ళి డబ్బాలో ఉన్నదంతా మురుక్కాలవలోకి గీకి, పైన రెండు బిందెల నీళ్ళు కుమ్మరించింది. డబ్బా మాత్రం బూడిద వేసి మూడుసార్లు తోమి వసారాలో బోర్లించింది.

ఇది మంగళవారం మాట. ఈవేళ గురువారం.

మంగళవారం సాయంత్రం వాసు ఏడ్చాడు. ఈ ఇంటికి వచ్చిన ఇన్నాళ్ళకు గొంతు చించుకుని, కాళ్ళు తన్నుకుని ఏడ్చాడు. నిజం చెప్పాలంటే రమణి ఆ ఏడుపు విని సంతోషించింది. మూడోనెలలో పుట్టింటి నుంచి వచ్చాక ఏలూరులోని తల్లికి తను రాసిన ఉత్తరాలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. "వీడికి ఏడుపంటే తెలీదమ్మా, బంగారుకొండ" అని ప్రతి ఉత్తరంలోనూ రాసింది. ఇంటరుమీడియటు ఫస్టుక్లాసులో ప్యాసైన మనిషి! ఐదు నెలల పసివాడు ఏడవకపోతే అదేమిటని అడగాలని తోచలేదు. గర్వపడింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే రోత పుడుతోంది.

బుధవారానికి ఏడుపు రంగు మారింది. పాలు తాగడం లేదు. ఉగ్గుగిన్నెతో పోసినవి పోసినట్టే కక్కేస్తున్నాడు. గంటకోసారి పచ్చగా విరేచనం. గుడ్డలు ఉతికి ఉతికి రమణి వేళ్ళు చీలిపోయాయి. ఆ గుడ్డలు ఆరేసిన తీగ కింద నుంచి పోవలసి వచ్చినప్పుడల్లా మంగతాయారు ముక్కు మీద కొంగు పెట్టుకుని, "నిక్షేపంలా నిద్రపోయే పిల్లాణ్ణి పాడుచేసింది చదువుకున్న తల్లి" అని గోడకు చెబుతోంది. నలభై ఎనిమిది గంటల్లో ఆవిడ ఆ పిల్లాణ్ణి ఒకసారి కూడా ఎత్తుకోలేదు. మైలట.

గురువారం పొద్దున రమణి పిల్లాణ్ణి భుజాన వేసుకుని వీధి అరుగు మీదికి వచ్చింది. ఇంటికి ముందుభాగమంతా కిరాణా దుకాణం, వెనక కాపురం. భర్త కృష్ణమూర్తి లోపల బస్తాలు దింపిస్తున్నాడు. అరుగు మీద మామగారు వీరరాఘవులు నులకమంచంలో ముడుచుకుని ఉన్నాడు. మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, ఆయన మాత్రం గొంతుదాకా దుప్పటి కప్పుకున్నాడు. చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ముక్కు కారుతోంది. దాన్ని దుప్పటితోనే తుడుచుకుంటున్నాడు.

అరుగు రెండోపక్క నాంచారమ్మ తుంగచాపలు దింపుకుంటోంది. కొల్లేటి లంక నుంచి పదిహేను రోజులకోసారి చాపలు తెచ్చి ఈ దుకాణానికి వేస్తుంది. ఆమె కొడుకూ వాసూ ఒక్క వారంలో పుట్టినవాళ్ళు. ఆ నల్లపిల్లాడు మొలతాడు తప్ప మరేమీ లేకుండా చాపల కట్ట మీదికి పాకి, అక్కణ్ణుంచి జారి, బోర్లా పడి, ఏడుద్దామా వద్దా అని క్షణం ఆలోచించి, మానేసి, రమణి కాలిమెట్టె పట్టుకుని లాగుతున్నాడు. రమణి వాడి పట్టు చూసింది. తన భుజాన ఉన్న వాడి చేతులు చూసింది. కూరాకు కాడల్లా వేలాడుతున్నాయి.

"ఏంటండీ చిన్నమ్మగారూ, బాబు అలా ఏడుత్తన్నాడు? కడుపునొప్పా అండీ?" అంది నాంచారమ్మ.

"ఏమో నాంచారమ్మా. రెండ్రోజుల్నించి ఇంతే."

వీరరాఘవులు మంచంలోంచి కదిలాడు. "రమణమ్మా, డబ్బాలోది పారేశావు, సరే. నన్నొక్క మాట అడిగి పారెయ్యవలసింది. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుందమ్మా. పిక్కలు ఎవరో పిండుతున్నారు. లైసెన్సు నల్లమందు షాపువాడు రేపటిదాకా తియ్యడు. పడతాను, నాకేం, ముసలి ముండాకొడుకుని..."

మాట పూర్తికాకుండా ఆయనకు ఆవులింత వచ్చింది. దవడ ఊడిపోతుందేమో అన్నంత ఆవులింత. వెనకే తుమ్ము. వెనకే కళ్ళ నీళ్ళు.

రమణి భుజం మీద వాసు ఆవులించాడు. వెనకే తుమ్మాడు. వాడి ముక్కు నుంచి కారింది ఆమె జాకెట్టు మీద తడిగా అంటుకుంది.

ఆమె ముసలాయన చేతి మీద వెంట్రుకలు చూసింది. పిల్లాడి చేతి మీది నూగు చూసింది. అదీ నిక్కబొడుచుకునే ఉంది.

పిల్లాడు గొంతు విప్పాడని కదూ తను మురిసిపోయింది!

"మామయ్యగారూ," అంది, "మందు ఆపితే ఇలా అవుతుందాండీ?"

ముసలాయన తలతిప్పి మనవణ్ణి చూశాడు. ఇంట్లో వాడి సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. "వీడికా?" అన్నాడు. "వీడికి కూడానా? ఓసి నీ... ఎవరు పెట్టారే? తాయారేనా?" దుప్పటి తోసేసి లేవబోయి, మోకాళ్ళు ఒప్పుకోక మళ్ళీ పడ్డాడు. "నాలాంటి కట్టెకే ఇట్లా ఉంటే వాడేం తట్టుకుంటాడమ్మా! తీసుకుపో, డాక్టరు దగ్గరికి తీసుకుపో!"

రమణి మెట్టు దిగబోయి అరుగు స్తంభం పట్టుకుంది. నాంచారమ్మ వచ్చి వాసును అందుకుని చంకనేసుకుంది. తన కొడుకును రెండో చంకనేసుకుంది. "పదండి. నేనొత్తాను. మీరు పడేలా ఉన్నారు."

లోపల నుంచి గారెలపిండి అంటిన చేత్తో మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. "రామ రామ! ఆ చేపల కంపుదాని చంకలోనా పిల్లాణ్ణి ఎక్కించావు! తీసుకొచ్చాక పసుపునీళ్ళు చల్లందే లోపలికి రానివ్వను, ఆఁ!"

నాంచారమ్మ దగ్గర చేపల వాసన ఉన్నమాట నిజమే. కొల్లేటి నీచు, తుంగ, చెమట అన్నీ కలిసిన వాసన. జట్కాలో ఆ వాసన పక్కన కూర్చున్నప్పుడు రమణికి మొదటిసారిగా శుభ్రమైన మనిషి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

డాక్టరు పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు, చర్మం పట్టి లాగి వదిలాడు. ఒంట్లో నీరు లేక లాగిన చర్మం లాగినట్టే నిలబడింది.

"మొన్న నేను ఆగమన్నది మర్యాదకి కాదమ్మా," అన్నాడు. "ఇలాంటి పిల్లలకి ఒక్కసారిగా ఆపకూడదు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అదే చెప్పబోయాను. ఎప్పుడు ఆపారు?"

"మంగళవారం. అంతా పారేశాను."

ఆయన వాసు కనురెప్ప విప్పి మరోసారి చూశాడు. తిడితే బాగుండునని రమణికి అనిపించింది.

"రోజుకి ఎంత పెట్టేవాళ్ళు?"

"తెలీదండీ. మా అత్తయ్యగారు ఆవగింజంత అన్నారు."

"అందరూ ఆవగింజే అంటారు." ఆయన కాంపౌండరు తోమాకేసి చూసి ఏదో సీసా తెమ్మని సైగ చేశాడు. "వినండి. ఇప్పుడు నేను వీడికి ఆ మందే కొలిచి వెయ్యాలి. రోజూ పడుతున్నదెంతో తెలిస్తేనే నా కొలత కుదురుతుంది. తక్కువ వేశానా, సాయంత్రానికి ఫిట్సు వస్తాయి. ఎక్కువ వేశానా, మళ్ళీ లేవడు. వెళ్ళండి. ఎంతో, ఎన్ని పూటలో కనుక్కురండి. ఉజ్జాయింపు మాట నాకొద్దు. పిల్లాడు ఇక్కడే ఉంటాడు. గంటలో రావాలి మీరు."

నాంచారమ్మ బల్ల పక్కన నేల మీద చతికిలబడి, "మీరెల్లండి. నేనుంటాను" అంది.

రమణి ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా నూనె కంపు.

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు పంచడం ఆ వీధివారి ఆచారం. ఆలస్యమైతే అడుగుతారు. పంచకపోతే ఆ బిడ్డలో ఏదో లోపమని గుసగుసలు. వాసు ఐదోనెలలో బోర్లా పడలేదు. ఆరోనెలలోనూ పడలేదు. ఒకరోజు మంగతాయారు వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, నిద్రలో ఉన్నవాణ్ణి తన చేత్తో అటు తిప్పి, "పడ్డాడర్రా మా నాయన, బోర్లా పడ్డాడు!" అని కేకేసి, మర్నాడు యాభై బొబ్బట్లు పంచింది. రమణి చూసింది. చూసి, పెద్దావిడ ముచ్చట అనుకుని ఊరుకుంది. పోయిన సోమవారం అలాగే వాణ్ణి ఎత్తి గడప అవతల కూర్చోబెట్టి, ఒరిగిపోతుంటే పట్టుకుని, "గడప దాటాడు" అంది. గురువారం గారెలని అందరికీ పిలుపులు వెళ్ళాయి.

ఇంతలో పిల్లాడికి ఇలా అయింది. అయితే మాత్రం? పప్పు నానింది. నానిన పప్పు పారబోస్తారా?

హాలులో చాపల మీద ఎదురింటావిడా, నేతికొట్టువారి పెద్దకోడలూ, ఇంకో ఇద్దరూ కూర్చుని తింటున్నారు. అల్లప్పచ్చడి కలిపిన వేళ్ళు చీకుతున్నారు. ఎదురింటావిడ మూతి చుట్టూ నూనె మెరుస్తోంది.

"రావమ్మా రమణీ! ఇన్నాళ్ళకి గారెలు తినిపించాడు మీ వెధవాయి! ఏడీ వాడు? గడప దాటినవాడు వీధిన పడ్డాడేమిటి కొంపదీసి?" అంది ఆవిడ. అందరూ నవ్వారు.

రమణి వీధి కాళ్ళతోనే వంటింట్లోకి నడిచింది. మడి వంటిల్లు అది. పెళ్ళయి రెండేళ్ళైనా తలస్నానం చెయ్యకుండా ఆమె ఆ గడప తొక్కలేదు.

"ఓసి ఓసి! నూనె మరుగుతోంది, మడిలో ఉన్నాను, నీకేం పోయేకాలమే!" అంది మంగతాయారు, చిల్లుల గరిటె ఊపుతూ.

రమణి గూట్లోంచి పోపులడబ్బా తీసుకుని హాలులోకి వచ్చి, చాపల మధ్య నేల మీద పెట్టి మూత తీసింది. డబ్బా మైలపడిందన్న ఆదుర్దాలో మంగతాయారు బాణలి దించి మరీ వెనకాలే వచ్చింది.

"అత్తయ్యగారూ, ఇక్కడ కూర్చోండి. ఇందులో ఆవాలున్నాయి, జీలకర్ర ఉంది, మెంతులున్నాయి. వాసుకి పూటకి ఎంత పెట్టారో వేలు పెట్టి చూపించండి."

"ఏమిటి పెట్టడం?" మంగతాయారు కళ్ళు ఆడవాళ్ళ మీదికి ఒకసారి వెళ్ళి వచ్చాయి. "వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాశాను. ఏ ఇంట్లో రాయరు?"

"వస కాదండి. నల్లమందు."

నేతికొట్టువారి కోడలు నములుతున్నది ఆపింది.

"పదిమందిలో నా పరువు తియ్యడానికి వచ్చావా? ఆవగింజంత! ఆవగింజంత పెడితే ఏమైపోతాడే! మా అత్తగారు నీ మొగుడికీ పెట్టింది. వాడు పెరగలేదూ? నిక్షేపంలా దుకాణం చేసుకోవడం లేదూ?"

"మీరు నన్ను తిట్టండి. పుట్టింటికి పంపెయ్యండి. గుమ్మం తొక్కనివ్వకండి. మీరు ఏం చేసినా మారుమాట్లాడను." రమణి గొంతు పెంచలేదు. "ఆవగింజంతే అని నేను వెళ్ళి చెబితే డాక్టరుగారు ఆవగింజకి తగ్గట్టు వేస్తారు. మీరు తగ్గించి చెప్పారా, సాయంత్రానికి ఫిట్సు వస్తాయన్నారు. పెంచి చెప్పారా, వాడు నిద్ర లేవడన్నారు. వాడు గారెలు పంచడానికి పనికొచ్చాడు కదండీ. బతకడానికి కూడా కాస్త పనికి రానివ్వండి. వేలు పెట్టండి."

వంటింట్లో బాణలి అంచున మిగిలిన గారె ఒకటి చుంయ్ మంటోంది.

మంగతాయారు కూర్చుంది. కుడిచెయ్యి చాపింది. ఆ చిటికెన గోటి కింద నలుపు ఇంకా అలాగే ఉంది. గారెలపిండి అంటి ఎండిపోయినా, కింద ఆ నలుపు కనబడుతూనే ఉంది. ఈ వేలితోనే ఇందాక గారెకి నడుమ చిల్లి పెట్టింది. ఎదురింటావిడ తన చేతిలో గారెను చూసుకుని, మెల్లిగా విస్తరాకులో పెట్టింది.

వేలు ఆవాల మీద ఆగింది. రమణి ఆ వేలినే చూస్తోంది. వేలు జీలకర్ర అర దాటింది. మెంతుల మీద దిగింది.

"మెంతిగింజంతా!" అంది ఎదురింటావిడ పైకే. "అయ్యో తాయారూ, అంతా? మేం ఎప్పుడూ ఆవగింజ దాటనివ్వం సుమా!"

రమణి తలెత్తి చూసింది. ఆవిడ సరదాకి అన్నమాట కాదది. పక్కనున్న ఇద్దరూ కూడా తల ఊపుతున్నారు. వంటలో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా. ఈ వీధిలో మధ్యాహ్నాలు ఎందుకంత ప్రశాంతంగా ఉంటాయో, ఆరు ఇళ్ళలో ఆరు ఉయ్యాలలుండి ఒక్క ఏడుపు కూడా ఎందుకు వినబడదో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఒక గింజేనా అండీ?"

"ఒకటే. మొదట్లో ఆవగింజే పెట్టాను, ఒట్టు. ఎదిగే పిల్లాడు కదా, చాలడం లేదు. లేచిపోతున్నాడు."

"ఎన్ని పూటలు?"

"పొద్దున. రాత్రి."

"మంగళవారం నేను చూసింది మధ్యాహ్నం."

"మధ్యాహ్నం కూడా." మంగతాయారు ఒక్కసారిగా కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకు ఏడుగురు పుట్టారే. నలుగురు పోయారు. గుక్కపట్టి గుక్కపట్టి, ఏడ్చి ఏడ్చి నా చేతుల్లోనే పోయారు. ఆ ఏడుపు నువ్వు వినలేదు. ఏడవకుండా ఉంటే చాలు, వీడైనా దక్కుతాడనుకున్నాను..."

అది నిజమైన దుఃఖమే. రమణి గుర్తుపట్టింది. ఇంకెప్పుడైనా అయితే పక్కన కూర్చునేది. కాని ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నది ఆ వేలితోనే. ఆ వేలు చూశాక రమణిలో జాలి లేవలేదు. లేవనందుకు బాధ కూడా కలగలేదు.

డబ్బాలోంచి మూడు మెంతిగింజలు ఏరి, కాగితంముక్కలో పొట్లం కట్టింది. నేతికొట్టువారి కోడలు లేచి, నాలుగు గారెలు ఇంట్లో పిల్లలకని విస్తరాకులో చుట్టుకుని, "వస్తానండి పిన్నిగారూ" అని ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది.

రమణి మెట్లు దిగుతుంటే కృష్ణమూర్తి దుకాణంలోంచి వచ్చాడు. అంతకు ముందు హాలు గుమ్మం పక్కన అతను ఎంతసేపు నిలబడి విన్నాడో ఆమెకు తెలియదు. మనిషి మెత్తన. రెండేళ్ళలో ఆమెను ఒక్క మాట అనలేదు. బస్తాల దుమ్ముతో కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి.

"రమణీ, ఒక్క నిమిషం."

"తరవాత చెప్పండి. గంట కావస్తోంది."

"ఇవి కూడా తీసుకెళ్ళు."

అతను గుప్పిట విప్పాడు. చెమట పట్టిన అరచేతిలో రెండు మెంతిగింజలు అంటుకుని ఉన్నాయి. హాలులో మాటలు విని దుకాణంలో మెంతుల బస్తాలోంచి తీసినట్టున్నాడు.

రమణి వాటిని చూసింది. అతని ముఖం చూసింది.

"మీరా?"

"మధ్యాహ్నం నాలుగింటికి అమ్మ వాణ్ణి దుకాణంలో ఉయ్యాలకి అప్పజెప్పేది కదా, తను నడుం వాల్చడానికి. ఏడిస్తే బేరాలవాళ్ళకి విసుగు. నాన్న డబ్బా గల్లాపెట్టె పక్కనే ఉండేది ఆ వేళప్పుడు." గొంతు తగ్గించాడు. "అమ్మ పెడుతోందని నాకు తెలీదు రమణీ. నిజం. నేను పెడుతున్నానని అమ్మకీ తెలీదు. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది."

ఒక ఇంట్లో రెండు చేతులు. ఒకదానికి తెలియకుండా ఒకటి. ఇద్దరూ మంచివాళ్ళే. రమణికి అతని మీద అరవాలని కూడా అనిపించలేదు. జారుడు బండ మీద చెయ్యి పెట్టినప్పుడు నాచు తగిలితే వెనక్కి తీసుకున్నట్టు, ఒక అడుగు వెనక్కి వేసింది.

"రెండూ రోజూనా అండీ?"

కృష్ణమూర్తి ఆలోచించాడు. నిజాయితీగా, నుదురు ముడిచి ఆలోచించాడు.

"రోజూ అంటే... రద్దీని బట్టి. ఖాళీ రోజున ఒకటి. సంతరోజున రెండు. ఒక్కోసారి మర్చిపోయి మళ్ళీ పెట్టేవాణ్ణేమో కూడా. సరిగ్గా గుర్తులేదే."

వీధి చివర సైకిలు గంట ఆగకుండా మోగింది. కాంపౌండరు తోమా. సైకిలు ఆపకుండానే దూకి, దాన్ని మురుక్కాలవ గట్టు మీద పడేసి, రొప్పుతూ మెట్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారూ, డాక్టరుగారు వెంటనే రమ్మన్నారండి. బాబు ఏడుపు ఆపేశాడు."

ఆ ఇంట్లో ఐదు నెలలుగా అందరూ మురిసిపోయిన మాట అది. లోపల హాలులోంచి మంగతాయారు ఆ మాట విని, "హమ్మయ్య, నా తండ్రే, పడుకున్నాడా!" అంది.

తోమా అటు చూడలేదు. రమణి చేతిలో పొట్లంకేసీ, కృష్ణమూర్తి అరచేతికేసీ మార్చి మార్చి చూశాడు.

"ఎంతో తెలిసిందాండీ?" అని అడిగాడు.